పాముకాటు: ఎక్కడికి తీసుకెళ్ళాలో పగలే తేల్చుకోండి

ప్రశ్న: మేడమ్ గారూ నమస్తే. మాది దివిసీమ, నాగాయలంక వైపు ఒక పల్లెటూరు. పోయినేడు ఆగస్టులో ఊడ్పులప్పుడు మా బాబాయిని పొలం గట్టు మీద రక్తపింజర కరిచింది. పక్కూళ్ళో పాము మంత్రం వేసే పెద్దాయన ఉంటే ముందు అక్కడికే తీసుకెళ్ళారు, ఆయన మంత్రం వేసి పసరు పోసి కాలికి తాడు కట్టారు, అలా మూడు గంటలు అయిపోయాక చిగుళ్ళ నుంచి రక్తం వస్తుంటే అప్పుడు ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. బతికాడు గానీ కిడ్నీలు దెబ్బతిని డయాలసిస్ చేశారు, ఇప్పటికీ సరిగ్గా పనికి వెళ్ళలేకపోతున్నాడు, సాయంత్రానికి కాళ్ళు వాస్తున్నాయి. మళ్ళీ సార్వా పనులు మొదలవుతున్నాయి, మా అమ్మ కలుపుకి వెళ్తుంది, భయంగా ఉంది. ఊళ్ళో మేం కుర్రాళ్ళం 15 మందిమి ఉన్నాం, ఏదన్నా చేద్దామనుకుంటున్నాం, ఏం చెయ్యాలో చెప్పండి. ఇంకోటి, మా నాన్నమ్మ ఏమో మంత్రం వెయ్యబట్టే వాడు ఆసుపత్రి దాకా ప్రాణాలతో వెళ్ళాడు అంటది, ఆమెకి ఏం చెప్పాలో తెలీట్లేదు.

సమాధానం: బాబూ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నేను 30 ఏళ్ళ పైన స్టాఫ్ నర్సుగా చేశాను, అందులో ఎక్కువ కాలం డెల్టా ఊళ్ళకి దగ్గర్లో ఉన్న సర్కారు ఆసుపత్రుల్లోనే, జులై వచ్చిందంటే రాత్రి డ్యూటీలో గేటు దగ్గర ఆటో హారన్ వినపడగానే ముందు పాముకాటేమో అనుకునేవాళ్ళం, సగం సార్లు అదే అయ్యేది కూడా. నీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే బాధ అనిపించింది ఆ మూడు గంటల మాట. మీ వాళ్ళెవరూ తప్పు చేశారని నేను అనను, ఆ టైంలో మనిషి కాలు పట్టుకుని అరుస్తుంటే పదిమంది పది మాటలు చెప్తారు, అందరికంటే దగ్గర ఎవరుంటే అక్కడికి పరిగెత్తుతారు. అందుకే నేను చెప్పేది ఒకటే, కరిచినప్పుడు ఎక్కడికి వెళ్ళాలి, ఏ బండిలో, ఎవరు ఫోన్ చెయ్యాలి అన్నది కరిచిన రాత్రి తేల్చుకునే విషయం కాదు, ఇప్పుడే, అందరూ బాగున్నప్పుడే, పగలు కూర్చుని ఊరంతా కలిసి తేల్చుకోవాలి. మీ 15 మంది ఈ ఒక్కటి చేసినా చాలా పెద్ద పని చేసినట్టే.

ముందు ఆ మూడు గంటల్లో మీ బాబాయి ఒంట్లో ఏం జరిగిందో చెప్తాను, నాన్నమ్మకి చెప్పడానికి కూడా పనికొస్తుంది. రక్తపింజర విషం రక్తంలో కలవగానే రక్తం గడ్డ కట్టించే సరుకంతా ఖర్చయిపోతుంది, ఇక ఎక్కడ చిన్న గీత పడినా రక్తం ఆగదు, చిగుళ్ళు, ముక్కు, మూత్రం, ఎక్కడి నుంచైనా రావొచ్చు, ఆ తర్వాత కిడ్నీల మీద పడుతుంది. ఆసుపత్రిలో దీనికి చాలా చిన్న పరీక్ష ఒకటి చేస్తాం. పొడిగా శుభ్రంగా ఉన్న కొత్త గాజు ట్యూబులో 2 మిల్లీలీటర్ల రక్తం తీసి, కదపకుండా బల్ల మీద స్టాండులో పెట్టి, 20 నిమిషాలు గడియారం చూస్తూ కూర్చుంటాం. మంచి రక్తమైతే జున్నులాగా గడ్డ కట్టి ట్యూబు వంచినా అక్కడే ఉంటుంది. ఒకసారి ఒక పెద్దామెని తీసుకొచ్చారు, మినప చేలో కరిచింది, కాలు కొంచెమే వాచింది, మాట్లాడుతూనే ఉంది, వాళ్ళబ్బాయి ఏం కాలేదులెండి ఇంటికి తీసుకెళ్ళిపోతాం అంటున్నాడు. 20 నిమిషాలు అయ్యాక ట్యూబు అతని చేతికే ఇచ్చి మెల్లగా వంచమన్నాను. రక్తం నీళ్ళలాగా జారి ట్యూబు అంచు దాకా వచ్చేసింది. అతను నా మొహం వంక చూశాడు, ఇంక ఒక్క మాట మాట్లాడలేదు, బయటికెళ్ళి మేనమామకి ఫోన్ చేసి డబ్బులు పట్టుకుని రమ్మన్నాడు. పైకి మాట్లాడుతూ బాగానే ఉన్న మనిషి లోపల ఎలా ఉంటుందో నాకు తెలిసి ఆ ట్యూబు కంటే బాగా ఎవరూ చెప్పలేరు.

విషానికి విరుగుడు అని మనం అనే ఇంజక్షన్, ఆసుపత్రిలో ఏఎస్‌వీ అంటాం, అది రక్తంలో తిరుగుతున్న విషాన్ని పట్టుకుని పనిచెయ్యకుండా చేస్తుంది. అప్పటికే పాడైన కిడ్నీని బాగు చెయ్యదు, అప్పటికే కుళ్ళిన కండని వెనక్కి తీసుకురాదు. అందుకే ప్రతి గంటా లెక్క. మీ బాబాయి మూడు గంటలకి ముందే వచ్చుంటే కిడ్నీలు దక్కేవా అంటే అలా గ్యారంటీ ఇచ్చి చెప్పలేను, కానీ దక్కే అవకాశం చాలా ఎక్కువ ఉండేది.

ఇప్పుడు నాన్నమ్మ సంగతి. ఆమెతో వాదించకు బాబూ, ఆమె కళ్ళారా చూసిందే చెప్తుంది. మన ఊళ్ళలో కరిచే పాముల్లో విషం లేనివే ఎక్కువ, నీరుకట్టు, జెర్రిపోతు, ఇంకా కట్లపాములాగే చారలుండి విషం లేని చిన్న పాములున్నాయి. విషం ఉన్న నాగుపామే కరిచినా ప్రతిసారీ విషం వదలదు, ఉత్త కాటు కూడా వేస్తుంది. అలాంటి వాళ్ళందరూ మంత్రం వేసినా బతుకుతారు, వెయ్యకపోయినా బతుకుతారు, బతికిన పదిమందీ ఊళ్ళో తిరుగుతూ ఆ పెద్దాయన వల్లే బతికామని చెప్తారు, పోయిన ఇద్దరి గురించి మాత్రం ఆయువు తీరింది, ఆలస్యంగా తీసుకొచ్చారు అనుకుంటారు. ఆమెకి ఇలా చెప్పి చూడు, విషం ఎక్కని కాటుకి ఎవరైనా వైద్యం చెయ్యొచ్చు నాన్నమ్మా, ఎక్కిన కాటుకి మాత్రం ఆ ఇంజక్షన్ ఒక్కటే ఉంది, ఏది ఎక్కిందో ఏది ఎక్కలేదో చూడగానే మనకి తెలీదు కదా అని.

మంత్రం వేసే పెద్దాయన దగ్గరికి మీరే వెళ్ళండి. ఇది నేను మనస్ఫూర్తిగా చెప్తున్నాను, ఆయన్ని తిట్టడానికో పోలీసుల్ని పిలవడానికో కాదు. నేను పనిచేసిన చోట అలాంటి పెద్దమనిషి ఒకాయన ఉండేవారు, డబ్బు తీసుకునేవారు కాదు, తీసుకుంటే మంత్రం పోతుందని నమ్మకం, అర్ధరాత్రి లేపినా లేచేవారు. మా డాక్టరు గారు, నేను ఒక ఆదివారం ఆయన ఇంటికెళ్ళి అరుగు మీద కూర్చుని అడిగాం, బాబాయి గారూ మీరు మంత్రం వెయ్యండి, మేం వద్దనం, కానీ బండి ఎక్కించాక వెయ్యండి, దార్లో చదవండి, కట్టు కట్టొద్దు, నోట్లో ఏమీ పొయ్యొద్దు అని. ఆయన చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత ఆయన చేతుల్లో పోయిన ఒక చిన్నపిల్ల సంగతి చెప్పారు, కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఆ తర్వాత రెండు మూడేళ్ళు మాకు పాముకాటు కేసు వస్తుందని ముందుగా ఫోన్ వచ్చేది ఆయన దగ్గర నుంచే. ఊళ్ళో జనం ముందు ఆయన దగ్గరికే పరిగెత్తుతారు కాబట్టి ఆయన చేతిలో 108 నంబర్ ఉంటే అంతకంటే ఏం కావాలి.

కట్లపాము గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే మీ ఊరంతా రక్తపింజర భయంలో ఉండి దీన్ని మర్చిపోతారు. ఇది రాత్రిపూట ఇంట్లోకే వస్తుంది, కింద చాప మీద పడుకున్న వాళ్ళని నిద్రలోనే కరుస్తుంది, నొప్పి ఉండదు, వాపు ఉండదు, గాట్లు వెతికినా కనపడకపోవచ్చు. దోమ కుట్టిందనుకుని మళ్ళీ పడుకుంటారు. తెల్లారుజామున కడుపునొప్పి అని లేస్తారు, వాంతులు, గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు, రాత్రి తిన్నది అరగలేదనుకుని సోడా తాగిస్తారు. మాకు ఒక పదో తరగతి అమ్మాయిని అలాగే తీసుకొచ్చారు, వాళ్ళమ్మ ఏమంటుందంటే గ్యాస్ అమ్మా ఒక ఇంజక్షన్ ఇవ్వండి పరీక్ష ఉంది అని. ఆ పిల్ల నా వైపు చూడాలంటే గడ్డం పైకెత్తి చూస్తోంది, కనురెప్పలు పైకి లేవట్లేదు, నిద్ర వస్తుందేమో అనుకున్నారు అందరూ. ఉమ్ము మింగమంటే మింగలేకపోయింది. గాటు ఎక్కడా దొరకలేదు మాకు, కనురెప్పలు చూసే వైద్యం మొదలుపెట్టారు డాక్టరు గారు, వెంటిలేటర్ ఉన్న ఆసుపత్రికి పంపేటప్పుడు అంబులెన్స్ లో నేనే సంచి నొక్కుతూ ఊపిరి ఇస్తూ వెళ్ళాను. ఐదో రోజు కళ్ళు తెరిచింది. కాబట్టి వానాకాలంలో తెల్లారుజామున ఎవరికైనా ఊరికే కడుపునొప్పి, రెప్పలు వాలడం, మాట ముద్దగా రావడం, మింగుడు పడకపోవడం ఉంటే గాటు కోసం వెతుకుతూ కూర్చోకండి, పామే అనుకుని బయల్దేరండి.

ఇంకొక మాట కూడా దీని గురించే. కట్లపాము విషం ఎక్కిన మనిషి వేలు కూడా కదపలేక, కళ్ళు తెరవలేక, ఊపిరి తీసుకోలేక చచ్చిపోయినట్టు కనపడతారు, కానీ లోపల స్పృహ ఉంటుంది, అన్నీ వినపడుతుంటాయి. వెంటిలేటర్ మీద కొన్నాళ్ళు ఊపిరి ఇస్తే లేచి కూర్చున్నవాళ్ళున్నారు. దార్లో ఊపిరి ఆగినట్టు అనిపించినా వెనక్కి తిప్పకండి, నోటితో ఊపిరి ఊదుతూ అయినా తీసుకురండి, చనిపోయారో లేదో డాక్టరు చెప్పాలి.

సరే, కరిచిన వెంటనే ఏం చెయ్యాలి. పాము నుంచి దూరంగా జరగాలి, దాన్ని చంపడానికి వెంటపడొద్దు, చంపి సంచిలో వేసుకుని రావొద్దు, తెగిన తల కూడా కాసేపటి దాకా కరవగలదు, అలా ఇంకొకళ్ళు కరిపించుకుని రావడం జరుగుతుంది. దూరం నుంచి ఫోన్లో ఫోటో దొరికితే మంచిదే, దొరక్కపోతే పర్లేదు, మన దగ్గర ఇచ్చే ఇంజక్షన్ నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర ఈ నాలుగింటికీ కలిపి ఒకటే కాబట్టి పాము పేరు తెలిస్తేనే వైద్యం అనేదేమీ లేదు. కరిచిన మనిషిని నడిపించొద్దు, పరిగెత్తనివ్వొద్దు, కూర్చోబెట్టండి లేదా పడుకోబెట్టండి, ధైర్యం చెప్పండి. ఉంగరాలు, మెట్టెలు, కడియాలు, గాజులు, మొలతాడు బిగుతుగా ఉంటే అదీ వెంటనే తీసెయ్యండి, వాచాక తియ్యలేక కోసి తీసిన మెట్టెలు ఎన్నో నాకే గుర్తు లేదు. కరిచిన కాలికో చేతికో ఒక కర్ర చెక్కో అట్టముక్కో పెట్టి, చెయ్యి విరిగితే ఎలా కడతామో అలా వదులుగా గుడ్డ చుట్టి కదలకుండా చెయ్యండి. వదులుగా అంటే కింద వేలు దూరాలి.

తాడుతో బిగించి కట్టడం మాత్రం వద్దే వద్దు. విషం పైకి ఎక్కదనుకుంటారు, నిజానికి రక్తపింజర కాటులో విషమంతా ఒకేచోట నిలబడి అక్కడి కండని తినేస్తుంది, రక్తం ఆడక కాలే తీసెయ్యాల్సి వస్తుంది. ఎవరైనా అప్పటికే కట్టేసి ఉంటే దార్లో ఒక్కసారిగా విప్పొద్దు, అలాగే తీసుకురండి, ఆసుపత్రిలో సెలైన్ పెట్టి మందులు దగ్గర పెట్టుకుని మెల్లగా విప్పుతాం. బ్లేడుతో కొయ్యడం, నోటితో పీల్చడం, ఐసు పెట్టడం, పాము రాయి అంటించడం, పసరు రాయడం, ఇవేవీ వద్దు. కారం తినిపించి మంట తెలుస్తుందా, వేపాకు నమిలించి చేదు తెలుస్తుందా అని చూడటం మన వైపు బాగా ఉంది, అది ఏమీ చెప్పదు, పైగా మింగలేని మనిషి గొంతులో అడ్డం పడి ఊపిరి ఆగే ప్రమాదం ఉంది. ఆర్.ఎం.పి డాక్టరు దగ్గర నొప్పికి ఇంజక్షన్ కూడా చేయించొద్దు, రక్తం గడ్డకట్టని మనిషికి కండలో సూది పొడిస్తే అక్కడ లోపల రక్తం చేరి ముద్దలా అయిపోతుంది. ఆయనకి కూడా ఈ మాట ముందే చెప్పి పెట్టండి, బండి ఏర్పాటు చెయ్యడంలో ఆయన సాయం తీసుకోండి.

108 కి ఫోన్ చెయ్యండి, పాముకాటు అని చెప్పండి. అంబులెన్స్ అరగంట పైన పడుతుంది అంటే ఎదురుచూడకుండా ఉన్న బండిలో ఎదురెళ్ళండి, దార్లో కలుస్తామని చెప్పండి. బైక్ మీదైనా సరే, నడిపేవాడి వెనక పేషెంటు, పేషెంటు వెనక ఇంకొకరు పట్టుకుని కూర్చోవాలి. ఆటోలో పడుకోబెడితే ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టండి, వాంతి అయితే ఊపిరితిత్తుల్లోకి పోకుండా. కరిచిన టైం ఎంతో, దార్లో రెప్పలు ఎప్పుడు వాలాయో, రక్తం ఎప్పుడు కనపడిందో ఎవరో ఒకరు ఫోన్లో రాసుకోండి, మాకు అది చాలా పనికొస్తుంది.

ఆసుపత్రిలో ఏం జరుగుతుందో కూడా మీరు ఊళ్ళో చెప్పాలి, ఎందుకంటే గొడవలన్నీ అక్కడే. పాము కరిచింది అనగానే ఇంజక్షన్ వెయ్యరు. అది గుర్రాల రక్తం నుంచి తయారుచేసే మందు, కొందరికి దురదలు, దద్దుర్లు, ఆయాసం, బీపీ పడిపోవడం రావొచ్చు, కాబట్టి విషం ఎక్కిన గుర్తులు కనపడితేనే ఇస్తారు, లేకపోతే 24 గంటలు దగ్గర పెట్టుకుని చూస్తారు. ఇంజక్షన్ ఎందుకు వెయ్యట్లేదు అని కుర్చీలు విరగ్గొట్టినవాళ్ళని చూశాను, అలాగే దద్దుర్లు రాగానే మందు వికటించింది ఆపెయ్యండి అని సెలైన్ పీకబోయినవాళ్ళనీ చూశాను. దద్దుర్లు వస్తే కాసేపు ఆపి అడ్రినలిన్ ఇచ్చి సర్దుకున్నాక మళ్ళీ ఎక్కిస్తారు, దానికి భయపడి పేషెంటుని ఎత్తుకుపోతే మనిషి పోతాడు. మామూలుగా 10 వయల్స్ తో, అంటే 10 చిన్న మందు సీసాలతో మొదలుపెడతారు, చిన్నపిల్లలకైనా అంతే డోసు ఇస్తారు, కరిచింది చిన్నపిల్లల్నని పాము తక్కువ విషం వదలదు కదా. గర్భిణీకి కూడా ఇస్తారు. వారం పది రోజుల తర్వాత జ్వరం, కీళ్ళనొప్పులు, దురదలు వస్తే ఆ మందు వల్ల కావచ్చు, మళ్ళీ చూపించుకోవాలి.

ఆ మందు వెనక ఎంతమంది కష్టం ఉందో కూడా మీ కుర్రాళ్ళకి చెప్పు. దానికి కావాల్సిన పాము విషం చాలావరకు తమిళనాడులో ఇరుల గిరిజనుల సహకార సంఘం నుంచి వస్తుంది, 1978 లో పెట్టుకున్నారు, తాతల నాటి నుంచి పాముల్ని పట్టడమే తెలిసిన మనుషులు, పట్టి, విషం తీసి, మళ్ళీ అడవిలో వదిలేస్తారు. వాళ్ళు చేత్తో పట్టిన పాము విషమే మీ బాబాయి ప్రాణం నిలబెట్టి ఉంటుంది.

ఇక మీ 15 మంది పని. మొదట ఒకరోజు పీహెచ్‌సీకి నలుగురు వెళ్ళి డాక్టరు గారిని మర్యాదగా అడగండి, ఏఎస్‌వీ ఎన్ని వయల్స్ ఉన్నాయి, రాత్రి ఎనిమిది తర్వాత ఎవరుంటారు, ఇక్కడ మొదలుపెట్టి పంపిస్తారా లేక నేరుగా పై ఆసుపత్రికి వెళ్ళమంటారా, వెంటిలేటర్, డయాలసిస్ మనకి దగ్గర్లో ఎక్కడున్నాయి అని. పగలు ఎక్కడికి, రాత్రి ఎక్కడికి అని రెండు పేర్లు తేలతాయి. ఆ రెండు పేర్లు, ఫోన్ నంబర్లు, 108, రాత్రి బండి తియ్యడానికి ఒప్పుకున్న ముగ్గురి పేర్లు పెద్ద అక్షరాలతో సచివాలయం గోడ మీద, రామాలయం దగ్గర, చౌకడిపో దగ్గర, మంత్రం పెద్దాయన ఇంటి అరుగు మీద కూడా రాయించండి. పెట్రోలు ఖర్చుకి నెలకి ఇంత అని చందా వేసుకుని ఒకరి దగ్గర పెట్టండి, నిజం చెప్తున్నాను, రాత్రిపూట ఆలస్యానికి డబ్బుల్లేకపోవడం పెద్ద కారణం, ఎవర్ని అడగాలో తెలీక గంట పోతుంది. ఆశా కార్యకర్తని, ఏఎన్ఎం గారిని, విలేజ్ హెల్త్ క్లినిక్ లో వైద్యం చూసే ఎంఎల్‌హెచ్‌పీ నర్సుని మీతో కలుపుకోండి, వాళ్ళకి ఇదంతా తెలుసు, కుర్రాళ్ళు వెనక ఉంటే వాళ్ళ మాట ఊళ్ళో నడుస్తుంది. మందు లేదని తెలిస్తే గ్రామసభలో అడిగి తీర్మానం రాయించండి. 2024 మార్చిలో కేంద్రం పాముకాటు మీద జాతీయ కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది, 2030 కల్లా చావుల్ని సగానికి తగ్గించాలని లక్ష్యం పెట్టుకున్నారు, కాబట్టి మీరు అడిగేది దయ కాదు.

ఎందుకింత చెప్తున్నానంటే, 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో చనిపోయినవాళ్ళు 12 లక్షలు ఉంటారని, అంటే ఏడాదికి సగటున 58 వేలు, 2020 లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం లెక్క కట్టింది. ఎక్కువ మంది పల్లెల్లోవాళ్ళే, సగం చావులు జూన్ నుంచి సెప్టెంబర్ లోపే, ఎక్కువమంది ఆసుపత్రి మొహం చూడకుండానే పోయారు. ఎక్కువ చావులున్న ఎనిమిది రాష్ట్రాల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఉంది. 2018 ఆగస్టులో మీ దివిసీమలోనే పాముకాట్లు ఒక్కసారి పెరిగిపోయి మోపిదేవిలో సర్పశాంతి హోమం చేసిన సంగతి మీ పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. కాలవలకి నీళ్ళు వదలగానే, వానలు పడగానే కలుగుల్లోకి నీళ్ళు పోతాయి, ఎలుకలు గట్ల మీదకి ఎక్కుతాయి, వాటి వెనకే రక్తపింజర, అదే గట్టు మీద మనం చెప్పుల్లేకుండా నడుస్తాం. నాగులచవితికి పుట్టలో పాలు పొయ్యండి, నేనూ పోస్తాను, దాంతోపాటు గట్టు మీద నడిచేటప్పుడు కర్ర కూడా చేతిలో ఉండాలి.

మీ అమ్మ గురించి అడిగావు. బూట్లు వేసుకోమని చెప్పడం తేలిక, కానీ ఊడ్పు మడిలో మోకాలి లోతు బురదలో గమ్ బూటు వేసుకుని ఒక్క ఆడమనిషి కూడా నాటు వెయ్యలేదు, బూటు బురదలో ఉండిపోయి కాలు బయటికొస్తుంది, అది నాకు తెలుసు. కాబట్టి బూట్లు గట్టు మీద నడకకి, రాత్రి నీళ్ళు పెట్టడానికి వెళ్ళేవాళ్ళకి, కోతకి, కుప్ప నూర్చేటప్పుడు, గడ్డివాము లాగేటప్పుడు. కలుపు తీసేవాళ్ళకైతే ముందు ఒకరు పొడుగు కర్రతో దుబ్బుల్ని కదిలించుకుంటూ వెళ్ళాలి, నేలని గట్టిగా కొడుతూ వెళ్ళాలి, పాముకి గాల్లో మన కేకల కంటే నేల అదురు బాగా తెలుస్తుంది. రక్తపింజర తొందరగా తప్పుకోదు, చుట్ట చుట్టుకుని కుక్కర్ విజిల్ లాగా గట్టిగా బుస కొడుతుంది, ఆ చప్పుడు వినపడితే ఉన్నచోటే ఆగి, ఎక్కడుందో చూసుకుని వెనక్కి అడుగెయ్యాలి. కట్టేసిన మోపుల్ని, కుప్పల్ని చెయ్యి పెట్టి లేపే ముందు కొడవలితోనో కర్రతోనో కదపాలి. గట్ల మీద గడ్డి పని మొదలవ్వకముందే కొయ్యించండి, రైతులందరూ ఒకే వారంలో చేస్తే ఇంకా మంచిది.

ఇంటి దగ్గర నేను మొదట చెప్పేది దోమతెర. కట్లపాముకి దోమతెర కంటే మంచి అడ్డం లేదు, మంచం మీద పడుకుంటే ఇంకా మేలు, తెర అంచులు పరుపు కిందో చాప కిందో చుట్టూ దోపాలి, వదిలేసి పడుకుంటే లాభం లేదు. కింద పడుకునే ముసలివాళ్ళు, పిల్లలు ఎవరున్నారో ఇల్లిల్లూ తిరిగి రాసుకుని ముందు వాళ్ళకి తెరలు ఇప్పించండి. టార్చి ప్రతి మంచం దగ్గర, రాత్రి లేస్తే ముందు లైటు తర్వాత కాలు. చాలా ఇళ్ళల్లో మరుగుదొడ్డి కట్టుకున్నారు గానీ అందులో పిడకలు, కట్టెలు పెట్టుకుని మనుషులు మాత్రం చీకట్లో కాలవ గట్టుకి వెళ్తున్నారు, దీని గురించి ఆడవాళ్ళతో మీ ఇంట్లో ఆడపిల్లలు మాట్లాడితే బాగుంటుంది. కట్టెలు, ఇటుకలు, కొబ్బరి మట్టలు గోడకి ఆనించి పెట్టొద్దు, ధాన్యం బస్తాల దగ్గర ఎలుకల్ని పట్టించండి, కోళ్ళ గూడు పడుకునే గదికి దూరంగా పెట్టండి. ఇంటి చుట్టూ ఫినాయిలు, బ్లీచింగ్, వెల్లుల్లి చల్లి ధైర్యంగా పడుకునేవాళ్ళు ఉంటారు, ఆ డబ్బులతో ఒక టార్చి కొనుక్కోమని చెప్పు.

చివరగా మీ బాబాయి. నీ ఉత్తరంలో అందరి గురించి అడిగావు, ఆయన కాళ్ళు వాస్తున్నాయని ఊరికే ఒక ముక్క రాసి వదిలేశావు, నాకు అదే కళ్ళముందు ఉంది. రక్తపింజర కాటు తర్వాత కిడ్నీ పూర్తిగా కోలుకోకపోవచ్చు, మనిషి తిరుగుతూనే ఉంటాడు గానీ లోపల మెల్లగా దెబ్బతింటూ ఉండొచ్చు. ఈ వారంలోనే తీసుకెళ్ళి బీపీ చూపించి, సీరం క్రియాటినైన్, మూత్రంలో ప్రొటీన్ పరీక్ష చేయించండి, డిశ్చార్జ్ కాగితాలు పట్టుకెళ్ళండి, కిడ్నీ డాక్టరుకి చూపించేదాకా ఉప్పు తగ్గించండి. కాలు నొప్పి అని మందుల షాపులో నొప్పి బిళ్ళలు కొని మింగుతుంటే ఇవ్వాళే ఆపించు, అవి కిడ్నీకి ఇంకా చెడుపు. రిపోర్టు వచ్చాక నాకు రాయి, నంబర్లు కూడా రాయి, చూసి చెప్తాను.